సోమవారం వెళ్ళిన జాబితా

మా రాడార్ స్థావరంలో బదిలీల కాలం వచ్చిందంటే ఆడవాళ్ళ మధ్య మాటలు తగ్గి చూపులు పెరిగేవి. టీకి పిలుచుకోవడం మామూలే. కానీ గ్లాసు పెదవికి ఆనించుకుని ఎదుటిదాని మొహం మీంచి కళ్ళు తీసేవాళ్ళు కాదు. ఎవరి మొగుణ్ణి ఇజ్మీర్ సముద్రం పక్కకి వేస్తున్నారు, ఎవరి మొగుణ్ణి ఇరాన్ సరిహద్దు మంచులోకి తోస్తున్నారు, ఎవరు ఎవరి చెవి కొరికారు, ఇదే గొడవ. బదిలీల జాబితా జూలై రెండో వారంలో రాజధాని అంకారాకు వెళ్ళేది. ఒకసారి వెళ్ళాక ఎవరు కాళ్ళు పట్టుకున్నా అందులో ఒక్క పేరు మారదు.

నాకు అనుమానపడడానికి బదిలీల కాలం అక్కర్లేదు. అది పుట్టుకతో వచ్చింది. అందుకే ఎనభై ఆరు వేసవిలో నా మొగుడు రుహి ఆదివారం కూడా బూట్లు పాలిష్ చేసుకోవడం మొదలుపెట్టగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. రుహి రేడియో మెకానిక్ సార్జెంటు. పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లల్లేరు. ఆదివారమంతా పైజామాలో చెప్పులీడ్చుకుంటూ తిరిగే మనిషి కాస్తా ఇస్త్రీ చొక్కా తొడిగి, మెడకి నిమ్మ సెంటు రాసుకుంటున్నాడు. కింద పట్నంలో ఎవతో ఉందని తీర్మానించేశాను. జేబులు వెతికాను, కాలర్లు వాసన చూశాను. నిమ్మ సెంటు తప్ప ఏమీ దొరకలేదు.

"ఎవరి కోసం ఈ సింగారం?" అని ఒక ఆదివారం అడిగేశాను.

"లెఫ్టినెంట్ గారిని భోజనానికి పిలిచాను" అన్నాడు అద్దంలోంచే.

"సార్జెంటు ఇంటికి లెఫ్టినెంటా? కల్నల్ గారికి తెలిస్తే ఇద్దరి తోలూ వలుస్తాడు."

"ఒంటరివాడు మెలాహత్. ఆ మెస్సులో ఉడికీ ఉడకని చిక్కుడుగింజలు తిని సగమైపోయాడు. ఒక్క పూటే కదా."

మా దగ్గర ఆఫీసర్లకి ఒక మెస్సు, సార్జెంట్లకి ఒక మెస్సు. వాళ్ళ క్వార్టర్లు కొండ మీద, మావి కొండ కింద. ఆడవాళ్ళకీ అంతే. కల్నల్ భార్య కల్నల్ కిందే లెక్క, సార్జెంటు పెళ్ళాం తలుపు దగ్గరి కుర్చీలో కూర్చోవాలి. ఇవన్నీ తెలిసిన మనిషి ఒక లెఫ్టినెంటును ఇంటికి పిలిచాడంటే బదిలీ కోసం కాకా పడుతున్నాడనుకున్నాను. సరే, మంచిదే అనుకుని వంకాయలు కోయడానికి కూర్చున్నాను.

ఆ లెఫ్టినెంటు, ఇల్హాన్, పుచ్చకాయ చంకలో పెట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర బూట్లు విప్పితే మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి, తెల్లదారంతో వంకరటింకరగా కుట్టి ఉంది. ఇరవై ఏడేళ్ళుంటాయి. నల్లసముద్రం ఒడ్డు వాడు, మాట్లాడితే గబగబా తూటాల్లా వస్తాయి మాటలు. తిన్నంతసేపూ "వదినా, ఇంకొంచెం", "వదినా, మా అమ్మకి చెప్పకండి కానీ మీ చెయ్యే బాగుంది" అంటూనే ఉన్నాడు. భోజనం అయ్యాక చొక్కా చేతులు పైకి మడిచి నేరుగా వంటింట్లోకొచ్చి టీ గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

"లెఫ్టినెంట్ గారూ, వదిలేయండి. మీ భుజం మీద నక్షత్రానికి సబ్బు అంటుకుంటుంది" అన్నాను.

"అంటనివ్వండి వదినా. దానికీ స్నానం చేయించి చాలా రోజులైంది. నేను కడుగుతాను, మీరు తుడవండి."

మా నాన్న గ్లాసు కడగడం నేను చూడలేదు. రుహి కడగడం చూడలేదు. తడి చేతుల్లోంచి ఒక్కో గ్లాసు అందుకుని, తుడిచిందే మళ్ళీ తుడిచాను. దాచేదేముంది, ముప్పై మూడేళ్ళ దాన్ని, ఆ పూట ఇరవై ఏళ్ళ దాన్నయ్యాను.

ఒక్క పూట అన్నది ప్రతి ఆదివారం అయింది. తర్వాత బుధవారం కూడా చేరింది. రుహి మీద నా అనుమానం ఎప్పుడు ఆవిరైపోయిందో గమనించలేదు, ఎందుకంటే దాని స్థానంలో ఇంకోటి వచ్చి కూర్చుంది. ఈ కుర్రాడు నా కోసమే వస్తున్నాడు. సాక్ష్యాలు పోగుచేయడంలో నన్ను మించినవాళ్ళు లేరు. నేను నీలం జాకెట్టు వేసుకున్న రోజున "ఈ రంగు ఇంటికి వెలుగు వదినా" అన్నాడు. ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి పెడితే పదిహేడు తిన్నాడు. ఒక బుధవారం రుహి డ్యూటీ మారి ఇంట్లో లేనప్పుడు కూడా వచ్చాడు. పది నిమిషాలు కూర్చుని, గోడ గడియారం రెండుసార్లు చూసి, సగం టీ వదిలేసి వెళ్ళిపోయాడు. భయపడ్డాడనుకున్నాను. ఒంటరిగా ఉన్నానని తెలిసి తనని తాను నమ్మలేక పారిపోయాడనుకున్నాను. ఆ సగం టీ నేను తాగాను.

సబిహా కిటికీ మా బాల్కనీకి ఎదురుగా ఉండేది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది, స్థావరంలో నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు.

"ఏమే, మీ ఇంట్లో ఆఫీసర్ల మెస్సు తెరిచావట?" అని ఆకులు చుడుతూ దెప్పింది.

"నీ మొగుణ్ణీ పంపు, ఒక పళ్ళెం ఎక్కువ పెడతాను."

"మా ఆయనకి నా వంట తినే శిక్ష ఉంది, అది తీరేదాకా కదలడు." ఆకు చుట్టి పళ్ళెంలో పెట్టి నా వైపు చూసింది. "జాగ్రత్త మెలాహత్. ఈ కాలంలో ఎవరి కళ్ళు ఎటు ఉంటాయో తెలీదు."

నీ కళ్ళు మాత్రం మా బాల్కనీ మీదే ఉంటాయిలే అనుకున్నాను, పైకి నవ్వాను.

ఆప్రికాట్లు పండిన మొదటి ఆదివారం అది. డాబా మీద బట్ట పరిచి, పళ్ళు రెండుగా చీల్చి ఎండబెడుతున్నాను. నీలం జాకెట్టే వేసుకున్నాను. బాగా పండినవి నాలుగు ఏరి, అతనికి నా చేత్తో ఇవ్వాలని పళ్ళెంలో పెట్టుకుని కిందికి దిగాను.

బాల్కనీలో ఇల్హాన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మెడ చుట్టూ మా తువ్వాలు. రుహి వాళ్ళ నాన్న మంగలి. చిన్నప్పుడు నేర్చుకున్న పనే, కానీ పెళ్ళయ్యాక కత్తెర పట్టింది నేను చూడలేదు. స్థావరంలో మంగలి ఉన్నాడు, ఆఫీసర్లకి వేరే కుర్చీ కూడా ఉంది.

"తల కదపకు ఇల్హాన్" అన్నాడు రుహి.

పదకొండేళ్ళలో అతను ఏ ఆఫీసర్నీ పేరు పెట్టి పిలవగా వినలేదు. ఇంట్లో, నాతో మాట్లాడేటప్పుడు కూడా 'గారు' తగిలించకుండా ఉండడు. నేను తలుపు వెనకే ఆగిపోయాను. రుహి కత్తెర జేబులో పెట్టి, వంగి, ఆ కుర్రాడి మెడ మీద వెంట్రుకలు నోటితో ఊదాడు. ఊది, అరచేత్తో తుడిచాడు. తుడవడం అయిపోయింది. చెయ్యి మాత్రం తియ్యలేదు. ఇల్హాన్ కళ్ళు మూసుకున్నాడు. అలా ఎంతసేపు ఉన్నారో చెప్పలేను, నాకు మాత్రం చేతిలో పళ్ళెం బరువెక్కిపోయింది.

వాళ్ళిద్దరి మధ్య ఆ చెయ్యి కాక ఇంకేమైనా ఉందో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు. బహుశా వాళ్ళకీ తెలియదేమో. కానీ ఆ అరచెయ్యి అలా పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా నా మెడ మీద ఆగలేదు. నేను మళ్ళీ డాబా ఎక్కి ఆ నాలుగు పళ్ళూ గోడ అవతలికి విసిరేశాను. మొగుడు మోసం చేసినందుకు ఏడ్చానా, ఆ కుర్రాడు నా కోసం రానందుకు ఏడ్చానా అంటే, నిజం చెప్పాలి, రెండోదానికే ముందు ఏడ్చాను.

ఇక నేను చేసింది చెబుతాను.

గురువారాలు కల్నల్ గారి భార్య పెరిహాన్ గారింట్లో ఆడవాళ్ళందరికీ కాఫీ. తాగాక కప్పు సాసర్లో బోర్లించి, చల్లారాక అడుగు మడ్డిలో ఆకారాలు చూసి జాతకం చెప్పడం నా పని. తలుపు దగ్గర కుర్చీ దాన్నే అయినా కప్పులు బోర్లించగానే నన్ను సోఫాలోకి పిలిచేవారు. అందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది. సార్జెంటు పెళ్ళాం నోరు తెరిచి ఫలానా వాణ్ణి బదిలీ చేయించండి అంటే తలపొగరు. అదే కప్పులో కనిపిస్తే ఎవరూ తప్పు పట్టరు, ఎవరు చెప్పారని అడగరు. పెరిహాన్ గారు ఆ సాయంత్రం భర్త చెవిలో వేస్తుంది, జాబితాలో ఒక పేరు చేరుతుంది. కిందటేడు సబిహా నన్ను బతిమాలి బతిమాలి పెరిహాన్ గారి కప్పులో సముద్రం చూపించమంది. చూపించాను. తీరా వాళ్ళాయన్ని ఎక్కడికీ కదపలేదు. "చెరువు చూపించి ఉంటావు, ముండా" అని నెల రోజులు తిట్టింది.

నేను కోరింది అంతే. ఒక బదిలీ. ఆ కుర్రాడు ఏదో సరిహద్దుకి పోతాడు, రుహి మళ్ళీ చెప్పులీడ్చుకుంటూ తిరుగుతాడు, నా ఇల్లు నాకుంటుంది.

ఆ గురువారం పెరిహాన్ గారు కప్పు నా చేతికిచ్చి, "చెప్పు మెలాహత్, మా ఆయన్ని అంకారా పిలుస్తారా, ఈ కొండ మీదే కుళ్ళబెడతారా?" అంది.

"దారి తెల్లగా ఉందండీ. అడ్డంగా ఒక పక్షి ఉంది."

"ఎవరది?"

"ఒంటరి పక్షి. పెళ్ళి కాలేదు. రెక్క మీద చుక్క ఉంది. తనది కాని గూటి మీద వాలుతోంది. వేసవి దాటకుండా దూరంగా పంపేస్తే మంచిది, లేకపోతే మీ దారికే మచ్చ."

పెరిహాన్ గారు మిగతావాళ్ళని కేకు కోసుకోమని పక్కగదిలోకి పంపి, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఎవరి కోసం వాలుతోంది? ఆడదాని కోసమా?"

ఆడదే అంటే నా పేరే బయటికొస్తుంది. అది ఒక భయం. ఆడది కాదని నాకు ఆదివారం నుంచీ తెలుసు. అది ఒక మంట. కప్పు వెలుతురు వైపు వంచి చూశాను.

"ఆడదాని ఆకారం కనిపించడం లేదండీ."

పెరిహాన్ గారు కప్పు నా చేతిలోంచి తీసుకుని సాసర్లో పెట్టింది. "వెళ్ళు, కేకు తిను" అంది.

కొండ దిగుతుంటే సబిహా పక్కకొచ్చింది. మిగతావాళ్ళు ముందు నడుస్తున్నారు.

"ఆ పక్షి ఎవరే?"

"కప్పులో కనిపించిందే చెప్పాను. జాబితా వెళ్ళడానికి ఇంకా వారం ఉంది కదా?"

"ఎక్కడి వారం? సోమవారమే వెళ్ళిపోయింది. కల్నల్ గారు సెలవు పెడుతున్నాడని ఈ ఏడు ముందే పంపేశారు. నీ మొగుడే కదా వైర్లెస్లో పంపింది, నీకు చెప్పలేదూ?"

రుహి ఆ వారమంతా నాతో పది మాటలు కూడా మాట్లాడలేదు. "మరి జాబితా వెళ్ళాక ఎవర్నైనా పంపాలంటే?" అని అడిగాను.

"అప్పుడు బదిలీ ఏముంటుంది? విచారణే. కారణం కాగితం మీద రాయాలి."

సబిహా ఇంకేదో అంటూనే ఉంది. నేను రోడ్డు పక్క రాయి మీద కూర్చుండిపోయాను. ఎండదెబ్బ అనుకుని ఆమె తన తలగుడ్డ తీసి నాకు విసిరింది.

శనివారం ఇల్హాన్ని పిలిచారు. ఆదివారం రుహిని పిలిచారు. రుహి తిరిగొచ్చి బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. "ఏమడిగారు?" అన్నాను. "రేడియో సంగతులు" అన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది. సోమవారం ఉదయం నన్ను రమ్మన్నారు, ఆఫీసుకి కాదు, కల్నల్ గారి ఇంటికి. ఆడమనిషిని ఆఫీసుకి పిలిస్తే బాగుండదని. అదే సోఫా. పెరిహాన్ గారు కిటికీ దగ్గర అల్లిక పట్టుకుని కూర్చుంది, ఒక్క కుట్టూ వేయడం లేదు.

కల్నల్ గారు ఒక కాగితం తీసి చదివాడు. "'నేను సార్జెంటు రుహి భార్యను చూడటానికే ఆ ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఈ సంగతి ఆమెకు తెలియదు. సార్జెంటుకూ తెలియదు. తప్పంతా నాది.' ఇది లెఫ్టినెంటు రాసిచ్చింది." కాగితం మడిచాడు. "చూడమ్మా. ఇది నిజమైతే వాణ్ణి శిక్ష కింద ఇరాన్ సరిహద్దుకి పంపుతాను, అక్కడితో సరి. నిజం కాకపోతే మగాళ్ళిద్దరి మధ్య నడిచిందంటున్న ఆ రెండో సంగతి రాయాలి. అప్పుడు రెండు పేర్లు రాయాలి. యూనిఫాం పోతుంది, క్వార్టర్ పోతుంది, పింఛను పోతుంది. ఇద్దరికీ. ఇక చెప్పు. వాడు నీ కోసం వచ్చేవాడా?"

ఇద్దరికీ అన్నది నేను కప్పు పట్టుకున్నప్పుడు నా బుర్రకి తట్టలేదు.

నెల రోజులుగా ఎవరైనా ఈ మాట నాకు చెబితే బాగుండునని కలలు కన్నాను. ఇప్పుడు చెప్పారు. అది నా కోసం రాసిన మాట కాదు, రుహిని కాపాడటానికి రాసిన మాట. ఎంత ప్రేమ ఉంటే అలా రాస్తాడో నాకు అర్థమైంది.

"వచ్చేవాడండీ" అన్నాను.

"ఎలా తెలుసు?"

చెప్పాను. గ్లాసులు కడిగిన సంగతి చెప్పాను. నీలం జాకెట్టు సంగతి, పదిహేడు ఆకుచుట్టల సంగతి, మొగుడు లేనప్పుడు వచ్చి పది నిమిషాలు కూర్చుని సగం టీ వదిలేసి పారిపోయిన సంగతి. ఒక్క అబద్ధం కూడా కల్పించాల్సిన పని పడలేదు. అన్నీ జరిగినవే, రోజూ లెక్కపెట్టుకున్నవే. చెబుతుంటే ఏడుపొచ్చింది. అది కూడా నిజమైన ఏడుపే. కల్నల్ గారు ఇబ్బందిగా గోడ వైపు తిరిగాడు.

పెరిహాన్ గారు అప్పుడు నోరు విప్పింది. "ఆ రోజు ఆడదాని ఆకారం లేదన్నావు మెలాహత్."

"నాకు తెలియదని ఆయనే రాశాడు కదండీ. తెలియనిది నాకు కప్పులో ఎలా కనిపిస్తుంది?"

ఆమె నన్ను చాలాసేపు చూసింది. నమ్మలేదు. నమ్మలేదని నాకు తెలియాలనే అలా చూసింది. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను సోఫాలోకి పిలవలేదు.

బుధవారం పొద్దున్న జీపు వచ్చింది. ఇల్హాన్ ఒక పెట్టె, ఒక దుప్పటి మూటతో మైదానం మధ్యలోంచి నడిచాడు. ప్రతి కిటికీలోనూ ఒక మొహం ఉంది. రుహి వైర్లెస్ గది మెట్ల మీద డ్యూటీలో నిలబడి ఉన్నాడు. పెళ్ళాం మీద కన్నేసినవాడు ఎదురుగా వస్తుంటే మొగుడు ఏం చేస్తాడో చూడాలని స్థావరమంతా కాచుకుని ఉంది. ఇల్హాన్ మెట్ల ముందుకొచ్చి, ఆగి, తలెత్తి చూశాడు. రుహి సెల్యూట్ చేయలేదు. నేల మీద ఉమ్మి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. జీపు గేటు దాటేదాకా అలాగే నిలబడ్డాడు. "మగాడంటే మగాడు" అన్నారెవరో కింద కిటికీలోంచి.

మధ్యాహ్నం ఇంటికొచ్చి భోజనం దగ్గర కూర్చున్నాడు. రొట్టె తుంచాడు కానీ తినలేదు.

"నాకు అంతా తెలుసు మెలాహత్, నువ్వేం చెప్పావో. కల్నల్ గారు చెప్పాడు." "నీ పేరు పాడు చేసుకున్నావు. నువ్వు ఆ మాట అనకపోతే మేమిద్దరం వీధిన పడేవాళ్ళం."

మేమిద్దరం అన్నాడు. అందులో నేను లేను. అయినా చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నాడు, అరచెయ్యి వెచ్చగా ఉంది.

"ఎవరు చెప్పి ఉంటారంటావు?" అన్నాడు. "ఎవరో చూశారు. ఆ రోజు బాల్కనీలో..." అని ఆగిపోయాడు. మళ్ళీ తనే అన్నాడు, "సబిహా కిటికీ మనకి ఎదురే కదా. కిందటేడు సముద్రం రాలేదని కడుపులో పెట్టుకుందేమో."

నాకు ఎదుటివాళ్ళ మొహాలు చదవడమే తెలుసు. నా మొహం చదవడానికి అతనికి పదకొండేళ్ళు సరిపోలేదు. ప్రపంచంలో ఒక్క మనిషిని మాత్రమే అతను అనుమానించలేదు, ఆ మనిషి చెయ్యే పట్టుకుని కూర్చున్నాడు.

"అయి ఉంటుంది" అన్నాను.

మర్నాడు ఉదయం సబిహా వచ్చి తలుపు తట్టింది. ఊరంతా నా గురించి ఏమనుకుంటోందో తెలిసీ పట్టపగలు అందరూ చూస్తుండగా వచ్చింది. రుహి లేచి వెళ్ళి, తలుపు తియ్యకుండా లోపల గడియ పెట్టాడు. నేను వంటింట్లో నిలబడి ఉన్నాను.

"మెలాహత్, నేనే" అంది బయటి నుంచి. "మెలాహత్, ఒక్కదానివే ఏడవకు. తలుపు తియ్యి."

చాలాసేపు పిలిచింది.